మంత్రి ముందరి బంటు: కోనేరు హంపి ఆటతీరు

చదరంగం మన దేశంలోనే పుట్టిందని సగర్వంగా చెప్పుకొంటాము గాని, ఆ ఆటలో తెలుగువారి పాలు ఎంతో విచారించినవారు తక్కువ. మన టౌన్‌షిప్ క్లబ్బులో సాయంత్రం షిఫ్టు దిగివచ్చి బల్లకు ఎదురెదురుగా కూర్చునేవారిలో గుజరాతీలు, ఒరియావారు, తెలుగువారు అందరూ ఉన్నారు. వారిలో కోనేరు హంపి పేరు తెలియనివారు లేరు. ఏ ఊరిలో ఏ పతకం వచ్చిందో తేదీతో సహా చెప్పగలవారూ ఉన్నారు. ఆమె ఆట ఎలా మొదలవుతుంది, ఏ దారిన నడుస్తుంది అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. పతకాల పట్టిక పత్రికలలో దొరుకుతుంది; ఆటతీరు తెలియాలంటే పావులు ముందు పెట్టుకుని ఎత్తులు వేసి చూడవలసినదే. అలా చూసినప్పుడు మాకు తోచిన సంగతులను ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

ఆమెను గురించి మన సంచికలో వ్రాయడానికి మరొక కారణం కూడా ఉన్నది. సూరత్ పొరుగున హజీరాలో సహజవాయువు శుద్ధి కర్మాగారాన్ని నడుపుతున్న ఓ.ఎన్.జి.సి. సంస్థలో హంపి ఉద్యోగిని. అనగా ఆమె మన ప్రభుత్వరంగ కుటుంబానికే చెందినది.

హంపి 1987 మార్చి 31న కృష్ణా జిల్లా గుడివాడలో జన్మించింది. తండ్రి అశోక్ గారు స్వయంగా రాష్ట్రస్థాయి ఆటగాడు. ఆంగ్లంలోని ‘చాంపియన్’ అనే మాటలో నడిమి అక్షరాలను ఏరి ఆయన కుమార్తెకు పేరు పెట్టారు. రష్యన్ పేరులా ధ్వనించాలని తరువాత ఆంగ్లంలో దాని వర్ణక్రమాన్ని మార్చారు. తెలుగులో వ్రాసే మనకు ఆ మార్పుతో పని లేదు. బిడ్డకు శిక్షణ ఇవ్వడం కోసం ఆయన అధ్యాపక వృత్తిని వదులుకొన్నారు. ఈ సంగతి చదివి మన తల్లిదండ్రులెవరైనా రాజీనామా పత్రం వ్రాయబోతే, రెండు మూడు నెలలు ఆగి ఆలోచించమని మా మనవి. అటువంటి త్యాగాలలో ఫలించినవే కథలుగా మనదాకా వస్తాయి.

ఆ త్యాగం ఫలించింది. 1997లో పదేళ్ళలోపు బాలికలలోనూ, 1998లో పన్నెండేళ్ళలోపువారిలోనూ, 2000లో పధ్నాలుగేళ్ళలోపువారిలోనూ ఆమె ప్రపంచ విజేత అయింది. వీటి నడుమ 1999లో మన అహమ్మదాబాదులో జరిగిన ఆసియా పోటీలను గుజరాతులో ఉన్న మనం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. అక్కడ ఆమె బాలికల విభాగాన్ని విడిచి, పన్నెండేళ్ళలోపు బాలురతో తలపడి ప్రథమస్థానం సాధించింది. 2001లో ఏథెన్స్‌లో ప్రపంచ జూనియర్ బాలికల కిరీటం దక్కింది. 2002లో 15 సంవత్సరాల 1 నెల 27 రోజుల వయస్సులో ఆమె గ్రాండ్ మాస్టర్ అయింది. స్త్రీలలో అంత చిన్న వయస్సులో ఆ బిరుదు పొందినవారు అప్పటికి లేరు. హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును ఆమె మూడు నెలల తేడాతో అధిగమించింది. భారతీయ స్త్రీలలో ఆ బిరుదు ఆమెదే మొదటిది.

ఇక ఆట సంగతి. తెల్లపావులు చేతికి వచ్చినప్పుడు హంపి తన ఆటలలో అత్యధిక భాగం మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు జరిపి మొదలుపెడుతుంది. ఆటగాళ్ళ పరిభాషలో అది డి4. పాశ్చాత్యులు రాణి అనే పావును మన పెద్దలు మంత్రి అన్నారు. మేమూ ఆ మాటనే వాడుతున్నాము. ఈ ఎత్తులోని విశేషం తెలియాలంటే దీనికి ఎదురుగా ఉన్న సంప్రదాయాన్ని కొంచెం చూడాలి.

పందొమ్మిదవ శతాబ్దపు ఆటగాళ్ళకు రాజు ముందరి బంటు మీదనే మక్కువ. దానిని జరిపి, వెంటనే పక్క బంటును ఎరగా వేసి, దాడికి దిగేవారు. దానిని ‘కింగ్స్ గాంబిట్’ అంటారు. ఆ పద్ధతిపై మన వైపున జరిగిన పరిశోధన ఒకటి ఉన్నది. మద్రాసుకు చెందిన గులాం ఖాసిం, జేమ్స్ కాక్రేన్‌తో కలిసి, ఆ గాంబిట్‌లోని ‘మూజియో’ అనే శాఖను విశ్లేషిస్తూ 1829లో మద్రాసులో ఒక పుస్తకం ప్రకటించాడు. మద్రాసు, హైదరాబాదు నగరాల మధ్య జరిగిన రెండు ఆటల పోటీ వివరాలు కూడా అందులో ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ క్రిందట హైదరాబాదు పేరు ఒక చదరంగ గ్రంథం ముఖపత్రంపై అచ్చయిందంటే ఎవరికి సంతోషం కలగదు? గుర్రాన్ని చావుకు వదిలి, మధ్యలో మంత్రి ముందరి బంటును ముందుకు త్రోసే ఎత్తుకు నేటికీ ఖాసిం పేరే ఉన్నది. బ్రెస్లావు నగరంలో గణితం బోధించిన జర్మన్ ఉపాధ్యాయుడు అడోల్ఫ్ ఆండర్సన్, 1851లో లండన్‌లో కీసెరిట్‌స్కీపై ఆడిన ‘అమర క్రీడ’ కూడా కింగ్స్ గాంబిటే. అందులో ఆయన ఒక శకటును, రెండు ఏనుగులను, చివరకు మంత్రిని కూడా అర్పించి, మిగిలిన రెండు గుర్రాలతో, ఒక శకటుతో ఆట కట్టించాడు. చూపరులకు అది కన్నులపండువు.

హంపి ఆటలో ఇటువంటి బాణసంచా తక్కువ. డి4 తరువాత ఆమె సాధారణంగా పక్కనున్న సి బంటును కూడా రెండు గళ్ళు జరుపుతుంది. ఇది ‘క్వీన్స్ గాంబిట్’. ఇక్కడ కూడా ఒక బంటును ఎరగా చూపుతారు గాని, నల్లవాడు దానిని తీసుకొని చాలాసేపు నిలుపుకోలేడు. కాబట్టి ఇది నిజమైన బలి కాదు. మధ్యగళ్ళపై పట్టు సంపాదించడమే ఇందులోని ఉద్దేశం. ఆమె అభిమానించే మరొక మార్గం ‘కటలాన్’. 1929లో బార్సిలోనాలో జరిగిన పోటీ సందర్భంగా టార్టకోవర్ ఆ ప్రాంతం పేరు మీద దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో రాజు పక్క శకటును ముందుకు దూకించకుండా, జి2 గడిలో, తన బంట్ల చాటున కూర్చోబెడతారు. అక్కడినుండి అది బల్ల ఈ మూలనుండి ఆ మూల వరకు గల వాలు వరుసపై కన్నువేసి ఉంటుంది. పది ఎత్తులు గడిచినా ఏమీ జరిగినట్లు ఉండదు. ఇరవయ్యో ఎత్తుకు ఎదుటివారి మంత్రి పక్షంలోని బంటు ఒకటి కదలలేక బిగుసుకుపోతుంది. గొట్టపు మార్గాలతో పనిచేసేవారికి దీనిని బోధించడం తేలిక: ఎక్కడా శబ్దం ఉండదు, పీడనం మాత్రం తగ్గదు.

నల్లపావులతో కూడా ఆమె ఇదే స్వభావం చూపుతుంది. రాజు ముందరి బంటుకు ఎదురుగా తన రాజు ముందరి బంటునే నిలిపి, తరచు ‘పెట్రోఫ్’ రక్షణను ఆశ్రయిస్తుంది. క్లబ్బులో మా మిత్రులు కొందరికి ఈ రక్షణ చప్పగా ఉంటుంది. ఉండవచ్చు. కాని ఆమెను ఓడించాలంటే ఎంత శ్రమపడాలో ఎదుట కూర్చున్నవారినే అడగాలి.

ఈ పద్ధతితో ఆమె 2007 అక్టోబరులో 2606 రేటింగును అందుకొన్నది. స్త్రీలలో 2600 దాటినవారు అంతకుముందు జుడిత్ పోల్గార్ ఒక్కరే. అయినా ప్రపంచ మహిళా కిరీటం దక్కలేదు. 2008లోనూ, 2010లోనూ సెమీఫైనల్‌లో చైనాకు చెందిన హో యిఫాన్ అడ్డు నిలిచింది. 2011 నవంబరులో అల్బేనియా రాజధాని టిరానాలో వారిద్దరి మధ్యనే కిరీటపు పోటీ జరిగింది. ఎనిమిది ఆటలలో అయిదు డ్రా, మూడు హో యిఫాన్‌వి. హంపికి ఒక్క గెలుపూ లేదు. నెమ్మదిగా బిగించే ఆటకు గల పరిమితి ఇక్కడ కనబడుతుందని మా అభిప్రాయం. ఎదుటివారు ఎక్కడో ఒకచోట సడలితేనే ఆ బిగింపు ఫలిస్తుంది. హో యిఫాన్ సడలలేదు.

2014లో హంపికి వివాహమైంది. 2017లో కుమార్తె అహాన జన్మించింది. రెండేళ్ళపాటు ఆమె పోటీలకు దూరంగా ఉన్నది. చదరంగంలో రెండేళ్ళు స్వల్పకాలం కాదు. కంప్యూటర్లు వచ్చిన తరువాత ప్రారంభపుటెత్తుల పరిజ్ఞానం నెలనెలా మారుతున్నది. పదునైన మార్గాలలో నిరుడు గెలిపించిన ఎత్తు ఈ ఏడు ఓడించవచ్చు. అటువంటి మార్గాలపై ఆధారపడినవారు విరామం తరువాత తిరిగి వస్తే మళ్ళీ మొదటినుండి చదువుకోవాలి. క్వీన్స్ గాంబిట్, కటలాన్ వంటివాటిలో కంఠస్థం చేయవలసినది లేకపోలేదు గాని, బంట్ల అమరిక ఎటువంటిదో, ఏ పావు ఎక్కడ ఉండాలో తెలిసిన చేతికి ఆ తెలివిడి తుప్పు పట్టదు. హంపి 2018 ఒలింపియాడ్‌కు బటూమీకి వచ్చి, మరుసటి ఏడాదే స్కోల్కోవో గ్రాండ్ ప్రీలో ప్రథమస్థానం పొందడానికి ఇది ముఖ్యకారణమని మేము భావిస్తున్నాము.

2019 డిసెంబరులో మాస్కోలో లీ టింగ్‌జీని టైబ్రేక్‌లో దాటి ఆమె ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. చిత్రమేమంటే, నింపాది ఆటకు పేరుపడిన ఆమెకు ప్రపంచ కిరీటం దక్కినది వేగపు ఆటలో! గడియారం తరుముతున్నప్పుడు ఎదుటివారు క్రొత్త దారులు వెదుకుతూ ఉంటారు. ఆమె తెలిసిన నేల మీదనే నడుస్తుంది. 2024 డిసెంబరులో న్యూయార్కులో మొదటి ఆటలోనే ఓడినా, పదకొండు ఆటలకు ఎనిమిదిన్నర పాయింట్లతో రెండవసారి అదే కిరీటం గెలిచింది. చివరి ఆటలో ఇండొనేషియాకు చెందిన ఐరీన్ సుకందర్‌ను ఓడించినది నల్లపావులతోనే. అప్పటికి ఆమె వయస్సు 37.

2025 జూలైలో బటూమీలో జరిగిన మహిళా ప్రపంచ కప్పు ఫైనల్‌లో భారతీయులే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. 38 ఏళ్ళ హంపికి ఎదుట నాగపూరు అమ్మాయి, 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్. నిదానపు ఆటలు రెండూ డ్రాగా ముగిశాయి. ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ గెలుపుతోనే దివ్యకు గ్రాండ్ మాస్టర్ బిరుదు లభించింది. హంపి, హారిక, వైశాలి తరువాత ఆ బిరుదు పొందిన నాలుగవ భారతీయ స్త్రీ ఆమె. హంపి దానిని అందుకొన్న 2002 నాటికి దివ్య ఇంకా పుట్టలేదు.