వాయువును తూచిన గాజుగొట్టము

సైనికదళముల ప్రవేశపరీక్షకు సిద్ధపడు యువకులు సామాన్యవిజ్ఞానము పేర కంఠస్థము చేయు అంకెలలో, సముద్రమట్టమున వాతావరణపీడనము 76 సెంటీమీటర్ల పాదరసస్తంభమునకు సమానమనునది ఒకటి. ఆ పీడనమును కొలుచు భారమితి పుట్టుక తెలిసినవానికి ఆ అంకెను వల్లెవేయవలసిన పని యుండదు.

నీటిని పీల్చు పంపును ఎంత నేర్పుతో నిర్మించినను నీరు సుమారు 10 మీటర్లకు మించి పైకెక్కదని పదునేడవ శతాబ్దినాటి ఇటలీ పనివారు ఎఱుగుదురు. ప్రకృతి శూన్యమును సహింపదు గనుకనే నీరు పైకి వచ్చునని పండితులు తరతరములుగా చెప్పుచుండిరి. అట్లయినచో ఆ అసహనము 10 మీటర్లతోనే ఏల తీరిపోవలెను? జలస్తంభము తన బరువునకు తానే తెగునని గెలీలియో 1638 నాటి గ్రంథమున ఊహించెను. ఆ మహనీయుని చరమదశలో చెంతనుండి సేవించిన టారిసెల్లి మాత్రము, నీటిని లాగునది ఏదియు లేదనియు, వెలుపలి వాయువే తన భారముచే దానిని పైకి త్రోయుచున్నదనియు తలంచెను.

అదియే నిజమైనచో, నీటికంటె 13.6 రెట్లు సాంద్రమైన పాదరసము ఆ ఎత్తులో అన్నవవంతున మాత్రమే నిలువవలెను. ఒక కొన మూసిన మీటరు పొడవు గాజుగొట్టమును పాదరసముతో నింపి, వ్రేలితో నోరు మూసి, తలక్రిందుచేసి పాదరసపు తొట్టిలో ముంచి వ్రేలు తీయగా, వెండివలె మెఱయు స్తంభము కొంత జాఱి, ఇంచుమించు 76 సెంటీమీటర్లకడ ఆగిపోయెను. మఱియొక గొట్టపు మూసిన కొనను బుడ్డిగా ఊదించి, పైనుండు శూన్యమును విశాలము చేసి చూచినను మట్టము మాఱలేదు. లాగునది శూన్యమే యైనచో పెద్ద శూన్యము మఱింత పైకి లాగవలసినది కదా!

ఎత్తునకు పోయినకొలది వాయుభారము తగ్గునో లేదో చూచుటకై ఆ గొట్టమును కొండ యెక్కించినవాడు ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్. తాను పారిసునందుండి, బావయగు పెరియేను నియోగింపగా, ఆయన 1648 సెప్టెంబరు 19న క్లెర్మాన్ పట్టణపు మఠోద్యానమున రెండు గొట్టములలో పాదరసపు మట్టము సమానముగ నున్నదని చూచి, ఒకదానిని ఒక సన్యాసి కాపుదలలో అచటనే యుంచి, రెండవదానితో పుయ్ ద డోమ్ శిఖరమును చేరెను. శిఖరమున పాదరసము 8 సెంటీమీటర్లకు పైగా దిగెను. క్రింది గొట్టమున దినమంతయు మార్పులేదు. ఈ కథలో నాకు అత్యంత ప్రియమైనది కదలక మిగిలిన ఆ క్రింది గొట్టమే. అది లేనిచో, మాఱినది ఎత్తో, ఆనాటి వాతావరణమో ఎవరు నిర్ణయింపగలరు?

పాదరసము వడివడిగా పడిపోయినచో తుపాను పొంచియున్నదని నావికులు అనుభవమున నేర్చిరి. 1864లో కలకత్తాను, పిమ్మట మన మచిలీపట్నమును ఉప్పెనలు ముంచెత్తెను. ఇట్టి విపత్తుల పిమ్మట 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను.

ఒలుకు పాదరసమును విమానమున మోయుట కష్టము. అయితే విమానములకు ఎంతో మునుపే, 1844లో, ఫ్రెంచివాడగు విడీ, గాలి తీసివేసిన పలుచని లోహపుడిబ్బి బాహ్యపీడనమునకు అణగుచు, పొంగుచు ముల్లును త్రిప్పునట్లు నిర్ద్రవభారమితిని కల్పించెను. విమానములలోని ఎత్తుమాపకము దాని సంతతియే. భూమి చెంత ఇంచుమించు 8 మీటర్లకొక మిల్లీబారు చొప్పున పీడనము తగ్గునన్న లెక్కపై ఆ ముల్లు నడచును. అల్పపీడన ప్రాంతమున దానిని సరిదిద్దనిచో ఉన్న ఎత్తుకంటె ఎక్కువ చూపును గనుక, వైమానికుడు దిగుటకు ముందు ఆ స్థలపు పీడనమును నేలనుండి అడిగి తెలిసికొని, మర త్రిప్పి సరిచేసికొనును.