చొక్కా మీది సింహం ఎవరిది?

2015లో స్కాట్లండ్‌లోని ఎయిర్ యునైటెడ్ అనే చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌కు ఊహించని చిక్కు వచ్చిపడింది. ఏళ్ల తరబడి జెర్సీ మీద కుట్టుకుంటున్న బ్యాడ్జ్ చట్టానికి విరుద్ధమని అధికారులు చెప్పారు. ఆ చట్టం నిన్నమొన్నటిది కాదు, 1592 నాటిది. ఆ దేశంలో డాలు ఆకారపు చిహ్నాన్ని వాడుకోవాలంటే లార్డ్ లయన్ అనే అధికారి దగ్గర నమోదు చేయించుకోవాలి. అందుకోసం లయన్ కోర్టు అని ఒక న్యాయస్థానం కూడా ఉంది. అది ఇప్పటికీ పనిచేస్తోంది. క్లబ్ నమోదు చేయించుకోలేదు కాబట్టి బ్యాడ్జ్ మార్చుకోక తప్పలేదు.

నాలుగు శతాబ్దాల నాటి చట్టం ఫుట్‌బాల్ చొక్కా దాకా రావడం వింతగా అనిపించవచ్చు. కానీ ఆ చట్టం వేసిన ప్రశ్న సరైనదే: ఈ గుర్తు ఎవరిది? ఐరోపా క్లబ్‌ల బ్యాడ్జ్‌ల వెనక ఉన్న కథ మొత్తాన్నీ ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవవచ్చు.

రాజవంశానికి ఒక గుర్తు ఉండడం మనకు తెలిసిన సంగతే. కాకతీయులకూ విజయనగర రాజులకూ వరాహం లాంఛనం. ఐరోపాలో 12వ శతాబ్దం మధ్యకాలంలో ఇది మరో దారి పట్టింది. యోధులు ముఖం కనబడనీయని శిరస్త్రాణాలు పెట్టుకుని పోటీ యుద్ధాలకు దిగేవారు. ఎవరు ఎవరో తెలియాలంటే డాలు మీది బొమ్మే ఆధారం. ఆ బొమ్మలను గుర్తుపెట్టుకుని చెప్పడం హెరాల్డులనే రాజోద్యోగుల పనిగా మారింది. వాళ్ల విద్యకే హెరాల్డ్రీ అని పేరు. ఇంగ్లండ్‌లో వాళ్ల సంస్థ, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, 1484లో ఏర్పడి నేటికీ లండన్‌లో కొనసాగుతోంది. మొదట ప్రభువులకే పరిమితమైన ఈ డాళ్లు తరవాత మతపీఠాలకూ, వర్తక సంఘాలకూ, విశ్వవిద్యాలయాలకూ, చివరికి పట్టణాలకూ దక్కాయి. ఫుట్‌బాల్‌కు అవి పట్టణాల నుంచే వచ్చాయి.

హెరాల్డ్రీ నియమాల్లో రెండు తెలిస్తే మన పనికి సరిపోతుంది. మొదటిది రంగులకు సంబంధించినది. పసుపు, తెలుపు ఈ విద్యలో రంగులు కావు. అవి బంగారం, వెండి అనే లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా మాత్రమే ముఖ్యమైన రంగులు. లోహం మీద లోహాన్నీ, రంగు మీద రంగునూ పెట్టకూడదు. ఎర్రటి నేల మీద బంగారు సింహం దుమ్ములోనూ దూరం నుంచీ కనిపిస్తుంది, నీలం నేల మీద నల్ల సింహం కనిపించదు. ఇది అలంకారం కోసం పెట్టిన నియమం కాదు, కంటికి ఆనడం కోసం పెట్టింది. స్టేడియంలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ తన జట్టు తేలిగ్గా కనబడాలి కాబట్టి, ఈ సూత్రం ఫుట్‌బాల్ చొక్కాకు నేటికీ అక్షరాలా వర్తిస్తుంది.

రెండో నియమం ఇంకా ముఖ్యమైనది. హెరాల్డ్రీలో చిహ్నానికి ప్రమాణం బొమ్మ కాదు, వాక్యం. ఫలానా రంగు నేల, దాని మీద ఫలానా భంగిమలో ఫలానా జంతువు అని హెరాల్డ్ మాటల్లో రాసిపెడతాడు. చిత్రకారుడు ఆ మాటలకు కట్టుబడి తనకు తోచినట్టు గీసుకోవచ్చు. సింహం జూలు ఎన్ని పాయలుండాలో, తోక ఎంత వంపు తిరగాలో ఎవరూ శాసించరు. త్యాగరాజ కృతి ఒక్కటే అయినా ఏ గాయకుడి బాణీ ఆ గాయకుడిదే అయినట్టు, డాలు ఒక్కటే అయినా గీతలు వేరు. భంగిమ మాత్రం మారడానికి వీల్లేదు. ఇంగ్లండ్ జట్టు మూడు సింహాలు ఒక కాలు ఎత్తి నడుస్తూ మనవైపు ముఖం తిప్పి ఉంటాయి. 12వ శతాబ్దం చివర్లో రిచర్డ్ రాజు రాజముద్ర మీద ఉన్నవీ అవే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘానికి 1949లో అధికారికంగా మంజూరైన చిహ్నంలో సింహాలు నీలం రంగువి, చుట్టూ గులాబీలు ఉన్నాయి, నడక మాత్రం అదే.

19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఇంగ్లిష్ క్లబ్‌లకు బ్యాడ్జ్ గురించి పెద్ద ఆలోచన లేదు. చాలా జట్లు ఏ గుర్తూ లేని చొక్కాలతోనే ఆడేవి. కావలసి వచ్చినప్పుడు చేతికి అందుబాటులో ఉన్నది ఊరి పురపాలక సంఘం డాలు. ఊరి జట్టు ఊరి డాలు పెట్టుకోవడంలో ఎవరికీ తప్పు తోచలేదు. ఒకే ఊళ్లో రెండు జట్లున్నా సరే, రెండూ ఆ డాలునే పెట్టుకునేవి. లివర్‌పూల్ నగర చిహ్నంలోని లివర్ పక్షిని ఇప్పుడు మనం లివర్‌పూల్ క్లబ్‌తోనే ముడిపెట్టి చూస్తాం. అదే ఊరి ఎవర్టన్ వాళ్లూ ఒకప్పుడు దాన్ని వాడినవాళ్లే.

మాంచెస్టర్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఆ పట్టణానికి 1842లో డాలు మంజూరైంది. ఎర్రటి నేల, దాని మీద ఏటవాలుగా మూడు బంగారు పట్టీలు, పైన తెరచాప ఎత్తిన ఓడ. యునైటెడ్, సిటీ రెండు క్లబ్‌ల బ్యాడ్జ్‌ల మీదా ఓడ ఉండడానికి కారణం ఇదే. ఆ మూడు పట్టీలూ నగరంలోని అర్వెల్, మెడ్‌లాక్, అర్క్ నదులని అక్కడివాళ్లు చెబుతారు. మధ్యయుగంలో ఆ ఊరిని ఏలిన గ్రెల్లే ప్రభువుల డాలు నుంచి వచ్చాయని హెరాల్డ్రీ చెబుతుంది. ఓడ అంటే మాంచెస్టర్ ఓడ కాలువ అనీ చాలామంది అంటారు. కాలువ తెరిచింది 1894లో. డాలు దానికి 52 ఏళ్లు పెద్ద. ఓడ ఊరి వర్తకానికి గుర్తు, అంతే.

అయితే నదుల కథను తప్పని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. ఎప్పుడో గతించిన ప్రభువు పట్టీలతో నేటి మనిషికి పని లేదు. తన ఊరి నదులతో ఉంది. వాటిని ఆ డాలులో చూసుకోవడంతో ప్రభువు ఆస్తి ఊరి ఆస్తి అయింది. ఏ రాజోద్యోగీ ఇవ్వని మంజూరు అది. జనం తమకు తామే ఇచ్చుకున్నారు.

చెల్సీ సింహం మరో రకం. 1953లో వచ్చిన ఆ బ్యాడ్జ్‌లో నీలి సింహం వెనక కాళ్ల మీద లేచి, తల వెనక్కి తిప్పి, చేత్తో దండం పట్టుకుని ఉంటుంది. సింహం అప్పటి క్లబ్ అధ్యక్షుడి వంశమైన కడోగన్ ప్రభువులది. దండం పూర్వం చెల్సీ భూములకు యజమానులైన వెస్ట్‌మిన్‌స్టర్ మఠాధిపతులది. రెండూ చెల్సీ పురపాలక సంఘం డాలులో ఉన్నవే. గులాబీలు ఇంగ్లండ్‌వి. క్లబ్ సొంతంగా చేర్చుకున్నది రెండు బంతులు. ఆర్సెనల్ ఫిరంగులదీ ఇదే వరస. 1886లో ఊలిచ్ ఆయుధ కర్మాగారం కార్మికులు పెట్టిన జట్టు అది. తొలి చిహ్నంలో ఊరి డాలులోని మూడు ఫిరంగులు నిలువుగా ఉండేవి. 1913లో జట్టు థేమ్స్ నది దాటి ఉత్తర లండన్‌కు వెళ్లిపోయింది. ఊరు పోయినా ఫిరంగి పోలేదు.

స్పెయిన్‌లో ఈ బొమ్మలకు రాజకీయాల దెబ్బ గట్టిగా తగిలింది. 1920లో 13వ అల్ఫోన్సో రాజు అనుమతితో మాడ్రిడ్ క్లబ్ పేరుకు ‘రియల్’, బ్యాడ్జ్‌కు కిరీటం వచ్చాయి. 1931లో గణతంత్రం రాగానే రెండూ పోయాయి. కిరీటం స్థానం ఖాళీగా మిగిలింది, డాలుకు అడ్డంగా కాస్టీల్ ప్రాంతపు ఊదా పట్టీ చేరింది. అంతర్యుద్ధం ముగిశాక, 1941లో, కిరీటం తిరిగి వచ్చింది. పట్టీ అలాగే ఉండిపోయింది. రాచరికమూ గణతంత్రమూ రెండూ నేడు ఒకే బ్యాడ్జ్ మీద ఉన్నాయి. బార్సిలోనా బ్యాడ్జ్‌లో సెయింట్ జార్జ్ శిలువ పక్కన కాటలోనియా జెండాలోని నాలుగు ఎర్ర గీతలుంటాయి. నియంత ఫ్రాంకో పాలనలో వాటిని రెండుకు తగ్గించారు. క్లబ్ 50వ ఏట, 1949లో, నాలుగూ తిరిగి వచ్చాయి. రెండు గీతలు చెరిపించడానికి ప్రభుత్వమే పూనుకుందంటే ఆ గీతల బలం ఎంతో తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో దెబ్బ వ్యాపారం వైపు నుంచి వచ్చింది. 1970ల నుంచి జెర్సీలు, కండువాలు, టోపీలు అమ్మడం క్లబ్‌లకు పెద్ద రాబడి అయింది. బ్యాడ్జ్ తమ ఒక్కరి సొత్తు అయితేనే ఆ రాబడి నిలుస్తుంది. ఊరి డాలు క్లబ్ సొత్తు ఎలా అవుతుంది? హెరాల్డ్రీ వాక్యాన్ని కాపాడుతుంది, గీతను వదిలేస్తుంది. ట్రేడ్‌మార్క్ చట్టానికి కావలసింది ఒక నిర్దిష్టమైన గీత, దానికి ఒకే యజమాని. రెండు చట్టాలూ ఎదురెదురు దిక్కులకు లాగాయి, క్లబ్‌లు డబ్బున్న దిక్కుకు జరిగాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1970ల మొదట్లో నగర డాలు వదిలి కొత్త చెట్టు బొమ్మ గీయించుకుంది. చెల్సీ 1986లో దండం పట్టిన సింహాన్ని పక్కనపెట్టి కొత్త సింహాన్ని తెచ్చుకుంది. మాంచెస్టర్ సిటీ 1997లో గుండ్రటి బ్యాడ్జ్ తీసేసి గద్దను, మూడు నక్షత్రాలను పెట్టింది. ఆర్సెనల్ 2002లో, పాత చిహ్నం మీద పూర్తి హక్కు దొరకదన్న కారణంతోనే, ఫిరంగిని కొత్తగా గీయించింది.

ఆ రోజుల్లోనే ఆర్సెనల్ కోర్టులో మరో వ్యాజ్యం నడుపుతోంది. స్టేడియం బయట చాలా ఏళ్లుగా క్లబ్ అనుమతి లేకుండా కండువాలు అమ్ముకుంటున్న ఒక వ్యాపారి మీద వేసిన దావా అది. లండన్ హైకోర్టు న్యాయమూర్తి మొదట గమనించిన విషయం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. కొనేవాడు ఆ గుర్తును సరుకు ఎవరు తయారుచేశారో చెప్పే ముద్రగా చూడడం లేదు, తన అభిమానానికీ విధేయతకూ గుర్తుగా చూస్తున్నాడు అన్నాడాయన. చట్టం లెక్కలో ఆ వాదన నిలవలేదు. కేసు యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది, 2003లో లండన్ అప్పీలు కోర్టు క్లబ్ పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు క్లబ్‌దే అయినా, కండువా కొనేవాడి మనసు గురించి ఆ న్యాయమూర్తి చెప్పింది మాత్రం నిజమేనని తరవాతి ఇరవై ఏళ్ల చరిత్ర చూపించింది.

2012లో కార్డిఫ్ సిటీ యజమాని, మలేసియా వ్యాపారి విన్సెంట్ టాన్, తరతరాల నీలి చొక్కాను ఎర్రగా మార్చి, నీలి పక్షిని తగ్గించి బ్యాడ్జ్ నిండా డ్రాగన్‌ను పెట్టాడు. అభిమానుల నిరసన ఆగలేదు. 2015లో నీలం తిరిగి వచ్చింది. 2013లో ఎవర్టన్ తన బ్యాడ్జ్‌ను సరళం చేసి లాటిన్ నినాదాన్ని తీసేస్తే వేలమంది సంతకాలు పెట్టారు. మరుసటి సీజన్‌కే మార్చాల్సి వచ్చింది. 2018లో లీడ్స్ యునైటెడ్ గుండె మీద పిడికిలి పెట్టుకున్న మనిషి బొమ్మను కొత్త బ్యాడ్జ్‌గా ప్రకటించింది. 50 వేలకు పైగా సంతకాలు వచ్చాయి. ఆ బొమ్మ చొక్కా ఎక్కకుండానే పోయింది. మాంచెస్టర్ సిటీ అభిమానులను అడిగి, ఓడా మూడు పట్టీలూ ఉన్న గుండ్రటి బ్యాడ్జ్‌కు 2016లో తిరిగి వచ్చింది. చెల్సీ దండం పట్టిన సింహం దగ్గరికి తన శతాబ్ది ఏడాది 2005లోనే తిరిగి వెళ్లింది. మాడ్రిడ్ నగర డాలులోని ఎలుగుబంటిని, చెట్టును 2017లో నున్నటి లోగోగా మార్చిన అట్లెటికో క్లబ్, 2023లో సభ్యుల చేత ఓటు వేయించింది. సుమారు 88 శాతం పాత డాలు కావాలన్నారు. మరుసటి ఏడాది అది తిరిగి వచ్చింది.

పాతదంతా మంచిదని నేను చెప్పడం లేదు. టోటెన్‌హామ్ ఒక దశలో తన కోడిపుంజు చుట్టూ సింహాలు, కోట, చెట్లు అన్నీ ఇరికించింది. 2006లో వాటిని తీసేసి బంతి మీద పుంజును మాత్రం ఉంచడం బాగుంది. ఫారెస్ట్ చెట్టు హెరాల్డ్రీకి ఏమీ రుణపడలేదు, అయినా యాభై ఏళ్లలో ఆ క్లబ్ సొంత ముఖమైపోయింది. మార్పు తప్పు కాదు. అడగకుండా మార్చడం తప్పు.

ఆ మాట ఇప్పుడు చట్టంలోకి ఎక్కింది. బ్రిటన్ పార్లమెంటు 2025లో చేసిన ఫుట్‌బాల్ పాలన చట్టం ప్రకారం క్లబ్ యజమానులు బ్యాడ్జ్‌ను గానీ సొంత మైదానపు చొక్కా ప్రధాన రంగును గానీ గణనీయంగా మార్చాలంటే అభిమానుల్లో ఎక్కువమంది అందుకు సమ్మతిస్తున్నారని నిర్ధారించుకోవాలి. 1592 చట్టం ఆ హక్కును రాజోద్యోగి చేతిలో పెట్టింది, ట్రేడ్‌మార్క్ చట్టం యజమాని చేతిలో పెట్టింది, ఇది మొదటిసారి అభిమాని చేతిలో పెట్టింది. మూడింటిలో నాకు న్యాయంగా తోచేది ఇదే.

మన ఊళ్లలోనూ చెల్సీ, బార్సిలోనా, సిటీ జెర్సీలు వేసుకుని తిరిగే పిల్లలున్నారు. మీ ఇంట్లో ఒకరుంటే, ఈసారి ఆ గుండె మీది బొమ్మను దగ్గరగా చూపించి అందులో ఏ ఊరి ఓడ ఉందో, ఏ మఠాధిపతి దండం ఉందో, ఏ జెండా గీతలున్నాయో చెప్పండి. గోల్స్ లెక్కలు వాళ్లకు ఎలాగూ తెలుసు.