ఖడ్గార్జిత భూములు

క్రీ.శ. 1066 అక్టోబరు 14న ఇంగ్లండు దక్షిణ తీరానికి సమీపాన హేస్టింగ్స్ యుద్ధం జరిగింది. ఫ్రాన్సు ఉత్తరభాగంలోని నార్మండీ ప్రాంతానికి అధిపతియైన విలియం, ఆ యుద్ధంలో ఆంగ్లరాజు హెరాల్డును ఓడించి ఆ సంవత్సరాంతంలోనే పట్టాభిషిక్తుడయ్యాడు. నాడు అతని వెంట నిలిచిన ఆశ్వికవీరులలో విలియం డి వారెన్ ఒకడు.

వారెన్ తన తండ్రికి జ్యేష్ఠపుత్రుడు కాడు. అందువల్ల పిత్రార్జితాన్ని నమ్ముకొనక ఖడ్గాన్నే నమ్ముకొన్నాడు. యౌవనంలోనే ప్రభువు మెప్పుపొంది నార్మండీలో కొన్ని భూములు సంపాదించాడు. హేస్టింగ్స్ విజయం అతని అదృష్టాన్ని సముద్రం దాటించింది.

రాజైన విలియం, ఆంగ్ల ప్రభువుల భూములను స్వాధీనం చేసుకొని తన అనుచరులకు పంచిపెట్టాడు. అది ఉచితదానం కాదు. భూమి పొందినవాడు రాజు పిలిచినప్పుడు ఆశ్వికులను వెంటబెట్టుకొని యుద్ధానికి రావాలి. ఎదురుతిరిగితే భూమిని కోల్పోవాలి. ఈ పద్ధతిలో వారెన్‌కు దక్షిణాన లూయిస్ నుండి ఉత్తరాన కానిస్‌బరో వరకు 13 మండలాలలో భూములు లభించాయి. అతడు లూయిస్‌లో కోట కట్టించాడు. భార్య గుండ్రాడతో కలిసి క్రైస్తవ మఠాన్ని నెలకొల్పాడు. 1088లో రాజవంశంలో అంతఃకలహం చెలరేగగా, సింహాసనంపై ఉన్న రెండవ విలియం పక్షాన పోరాడి మరణించాడు. భూమికి చెల్లించవలసిన మూల్యాన్ని ప్రాణంతో చెల్లించాడు.

ఈ సంపద వెనుక మరొక కథ ఉంది. 1086లో రాజాజ్ఞపై జరిగిన భూపరిశీలన వివరాలు 'డూమ్స్‌డే గ్రంథం'లో నమోదయ్యాయి. అందులో ప్రస్తుత యజమాని పేరుతోపాటు, సాధారణంగా పూర్వపు యజమాని పేరు కూడా కనిపిస్తుంది. కానిస్‌బరో పూర్వం హెరాల్డుదే. రాజు నుండి నేరుగా విస్తారమైన భూములు పొందిన ఆంగ్లేయులు అప్పటికి ఇద్దరే మిగిలారు. తక్కిన ప్రభువుల వైభవమంతా గ్రంథంలో ఒక్కొక్క పంక్తికి కుదించుకుపోయింది.

అయితే విజేతలందరి మనస్సూ ఒక్కటి కాదు. ఓఫే గ్రామాధిపతి గిల్బర్ట్ కూడా విలియం పక్షాన పోరాడినవాడే. పైగా అతని బంధువు. ఇంగ్లండులో భూములిస్తామన్నప్పుడు, పరుల నుండి దోచిన సొత్తులో తనకు భాగం వద్దని నిరాకరించి, స్వగ్రామానికి తిరిగివెళ్లాడని ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి తన చరిత్రగ్రంథంలో పేర్కొన్నాడు. ఆర్డెరిక్ తల్లి ఆంగ్లేయురాలు, తండ్రి ఫ్రాన్సుకు చెందినవాడు.

గిల్బర్ట్‌కు తన తండ్రి భూమి ఉన్నది; వారెన్‌కు ఆ ఆధారం లేదు. కనుక వారి నిర్ణయాలను తూచేటప్పుడు ఈ భేదాన్ని విస్మరించరాదు. అయినప్పటికీ, గెలిచినదెల్లా తనదే కాదని గ్రహించిన వీరుడు ఆ కాలంలోనూ ఉండటం గమనార్హం.