అండమాన్‌కు టికెట్ తీసే ముందు

దేశంలోని గడియారాలన్నీ నడిచేది కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయర్ ఉన్నది 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు అక్కడ కాకినాడ కంటే నలభై నిమిషాలు ముందుంటాడు. గడియారం మాత్రం మనదే. అందుకే డిసెంబరులో అక్కడ అయిదింటికే పొద్దుగూకుతుంది. భోంచేసి, ఓ కునుకు తీసి, ఎండ తగ్గాక బీచికి పోదామనుకునే కుటుంబం చీకట్లో ఇసుక తొక్కి తిరిగొస్తుంది. అండమాన్‌లో రోజు తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి సగానికి పైగా అయిపోతుంది. ఏ ప్రణాళికైనా దీన్నుంచే మొదలవ్వాలి.

రెండో లెక్క వానది. మే నుంచి నైరుతి, అది వెనక్కి తగ్గగానే ఈశాన్యం, రెండూ ఈ దీవుల్ని తడుపుతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచిది. ఆగస్టులో గదుల అద్దెలు తగ్గుతాయి. ఎందుకు తగ్గుతాయో బయట వాన చెబుతుంది.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. సుమారు 1200 కిలోమీటర్ల దూరం, రెండున్నర మూడు రోజుల ప్రయాణం, అదీ నెలలో ఎప్పుడో ఒకసారి. ఎక్కేవాళ్ళలో చాలామంది అక్కడ స్థిరపడినవాళ్ళే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనంలో దాదాపు 13 శాతం తెలుగువాళ్ళు. బజారులో శ్రీకాకుళం యాస చెవిన పడితే ఉలిక్కిపడకండి. వారం సెలవు పెట్టినవాళ్ళకు మాత్రం విమానమే దిక్కు.

పేర్లతో కాస్త జాగ్రత్త. 2018లో హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద ఒక పేరు, ఆటో అతని నోట ఇంకో పేరు ఉంటాయి. రెండూ ఒకే ఊరు, రెండు హోటళ్ళు బుక్ చేయనక్కర్లేదు.

ప్యాకేజీలు అమ్మేవాళ్ళు బారాటాంగ్ సున్నపురాతి గుహల్ని తప్పక కలుపుతారు. అక్కడికి పోయే రోడ్డు జారవా ఆదివాసుల అడవిలోంచి సాగుతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ తెల్లవారకముందే బారులు తీరి, పోలీసు కాపలాతో గుంపుగా కదులుతాయి. దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, జారవాలకు తిండి ఇవ్వకూడదు. ఇవి మర్యాద కోసం చెప్పే మాటలు కావు, చట్టం. గుహల కోసమే అని బయల్దేరినవాళ్ళ కళ్ళు దారి పొడవునా కిటికీకే అతుక్కుని ఉంటాయి. ఒకరి ఇంటి మధ్యనుంచి తొంగిచూస్తూ పోవడం నాకు నచ్చదు. ఆ రోజును నీల్‌కి ఇవ్వండి. అక్కడ సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ బీచిలున్నాయి. ఊళ్ళకు పేర్లు పెట్టినవాళ్ళు వెంట రామాయణం తెచ్చుకున్నట్టున్నారు.

ఇక అసలు చిక్కు పడవలది. పోర్ట్ బ్లెయర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు పడవలో గంటన్నర, సర్కారు ఫెర్రీలో రెండున్నర గంటలు. సర్కారుది చవక, ప్రైవేటుది వేగం. సముద్రం పొంగితే రెండూ రేవులోనే ఉంటాయి. డబ్బు వెనక్కి రావచ్చు, తప్పిన విమానం రాదు. చాలామంది హేవ్‌లాక్‌లో చివరి రాత్రి కూడా గడిపి, పొద్దున్నే పడవ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కేద్దామనుకుంటారు. కాగితం మీద ఆ ప్రణాళికకు వంక పెట్టలేం. సముద్రం ఆ కాగితం చదవదు.

కాబట్టి లెక్క వెనకనుంచి వేయండి. ముందు తిరుగు విమానం. దాని ముందు రాత్రి పోర్ట్ బ్లెయర్‌లో గది. సెల్యులార్ జైలును ఆ చివరి సాయంత్రానికి ఉంచుకోండి. 693 కొట్లతో, ఏడు విభాగాలుగా 1906లో పూర్తయిన ఆ జైలులో ఇప్పుడు మూడు విభాగాలే మిగిలాయి. చీకటిపడ్డాక సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఉంటుంది, తొందరగా పొద్దుగూకడం అక్కడ కలిసొస్తుంది. హేవ్‌లాక్‌కు రెండు రాత్రులు, నీల్‌కి ఒకటి. పడవ టికెట్లు చేతికొచ్చాకే దీవుల్లో గదులు తీసుకోండి.