మూట బరువు, నడుము భారం

ప్రవాసంలో ఉన్న తెలుగువారికి 23 కిలోలంటే ఎంతో ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరికి వెళ్ళివచ్చే ప్రతిసారీ పచ్చళ్ళూ పొడులూ బట్టలూ సర్దిన పెట్టెను తూచి, అంకె 23 దాటలేదని తేల్చుకున్నాకే దానికి తాళం వేస్తాం. అదే సంఖ్య శ్రామికుల ఆరోగ్యానికి సంబంధించిన శాస్త్రంలోనూ కనిపిస్తుంది. చేతులతో బరువులెత్తే పనిలో ఎంత బరువు క్షేమమో లెక్కగట్టడానికి, నయోష్ అని క్లుప్తంగా పిలిచే అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం 23 కిలోలతోనే మొదలవుతుంది. అయితే విమానాశ్రయంలో 23 అన్నది తుది మాట; ఈ సూత్రంలో అది తొలి మాట మాత్రమే. పరిస్థితులన్నీ అనుకూలిస్తేనే 23. ఒక్కో ప్రతికూలత చేరినకొద్దీ అది 15కు, 10కి, ఒక్కోసారి 5 కిలోల లోపుకు కూడా దిగిపోతుంది.

ఆ తగ్గుదల ఎలా జరుగుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. గిడ్డంగుల్లో, కిరాణా దుకాణాల వెనకగదుల్లో, ఆసుపత్రి వార్డుల్లో, హోటలు వంటశాలల్లో పనిచేసేవారి నడుములు ఎందుకు దెబ్బతింటాయని అడిగితే, "వాళ్ళకు బరువెత్తే ఒడుపు తెలియదు" అన్న జవాబే తరచు వినబడుతుంది. లెక్క జాగ్రత్తగా చూస్తే జవాబు వేరేచోట దొరుకుతుంది.

నడుములోని మీట

వృత్తుల వల్ల కలిగే రోగాల గురించి 1700లో సమగ్రమైన గ్రంథం వెలువరించిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని, అందులో మూటలు మోసేవారి బాధలను కూడా చర్చించాడు. అయితే ఎత్తిన బరువు వెన్నులోపల ఏం చేస్తుందో కొలవగలగడం ఇరవయ్యో శతాబ్దంలోనే సాధ్యమైంది.

నడుము చివరి పూసకూ దాని కింది త్రికాస్థికీ మధ్య ఉండే డిస్కును ఒక తూగుడుబల్ల ఇరుసుగా ఊహించుకుందాం. ఇరుసుకు ముందువైపు, చేతుల్లో మూట. వెనకవైపు, దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో, వెన్నును నిలబెట్టే కండరాలు. 18 కిలోల మూట ఇరుసుకు 50 సెంటీమీటర్ల ముందున ఉంటే, దాన్ని నిలపడానికి కండరాలు పదిరెట్ల బలంతో, అంటే 180 కిలోల బరువుకు సమానమైన బలంతో వెనక్కి లాగాలి. ఆ లాగుడంతా డిస్కు మీద ఒత్తిడిగా పడుతుంది. ముందుకు వంగిన మొండెం బరువు దీనికి అదనం. అదే మూటను 25 సెంటీమీటర్ల దగ్గరకు తెచ్చుకుంటే 180 కాస్తా 90 అవుతుంది. మూట బరువులో ఒక్క గ్రాము కూడా తగ్గకుండానే నడుము మీది భారం సగమైంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. జర్మనీలో హాన్స్ యోఆఖిమ్ విల్కె బృందం ఒక వ్యక్తి నడుము డిస్కులో పీడనాన్ని కొలిచే సాధనాన్ని అమర్చి, తీసుకున్న కొలతలను 1999లో ప్రచురించింది. మామూలుగా నిలబడినప్పుడు పీడనం 0.5 మెగాపాస్కల్. 20 కిలోల బరువును ఒంటికి ఆనించి పట్టుకున్నప్పుడు 1.1. అదే బరువును 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నప్పుడు 1.8. నడుము గుండ్రంగా వంచి నేలమీద నుంచి ఎత్తినప్పుడు 2.3. ఒక్క మనిషిపై చేసిన కొలతలు కాబట్టి వీటిని అందరికీ యథాతథంగా అన్వయించలేం. కానీ మీట లెక్క ఏ దిశ చూపిందో కొలతలూ ఆ దిశనే చూపుతున్నాయి.

నడుము దెబ్బతినడం ఒక్క క్షణంలో జరిగినట్టు కనిపిస్తుంది. "ఆ పెట్టె ఎత్తగానే పట్టేసింది" అంటాం. నిజానికి ఆ ఒక్క ఎత్తు తప్పు చాలాసార్లు ఉండదు. పెద్దల్లో డిస్కు లోపలి భాగానికి నేరుగా రక్తప్రసరణ ఉండదు కాబట్టి అది కోలుకోవడం నెమ్మది. రోజుల తరబడి పడిన ఒత్తిడి పోగుపడి, ఏదో ఒక పూట తేలికైన బరువు దగ్గరే బయటపడవచ్చు. అందుకే ప్రమాదం జరిగిన రోజు ఎత్తిన వస్తువును మాత్రమే విచారిస్తే అసలు కారణం దొరకదు.

ఆరు గుణకాలు

నయోష్ సూత్రం 23 కిలోలను ఆరు గుణకాలతో వరసగా హెచ్చిస్తుంది. ఏ గుణకమూ 1కి మించదు. వచ్చిన ఫలితం ఆరోగ్యవంతులైన శ్రామికుల్లో దాదాపు అందరూ ఆ పనిలో ఎత్తగల సిఫారసు బరువు. అసలు బరువును దానితో భాగిస్తే వచ్చేది ప్రమాద సూచిక. అది 1 దాటితే కొందరికి ముప్పు మొదలైనట్టు. 3 దాటితే చాలామందికి ముప్పున్నట్టు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమెరికాలోని ఒక కిరాణా దుకాణం వెనకగదిలో, నేలమీది చెక్క ప్యాలెట్ నుంచి 40 పౌన్ల బియ్యం బస్తాలను, అంటే సుమారు 18 కిలోలవి, ఎదుటి బల్ల మీదికి చేర్చాలి.

బస్తా ప్యాలెట్ అవతలి అంచున ఉంది. చీలమండల నుంచి చేతుల దాకా అడ్డంగా 50 సెంటీమీటర్లు. 25 అయితే గుణకం 1. 50 కాబట్టి 0.5.

చేతులు నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి. 75 సెంటీమీటర్ల ఎత్తు అనుకూలం. అంత కిందికి వంగినందుకు గుణకం 0.82.

బల్ల ఎత్తు 90. అంటే 75 సెంటీమీటర్లు పైకి లేపాలి. గుణకం 0.88.

బల్ల పక్కన ఉంది కాబట్టి ఒంటిని 45 డిగ్రీలు తిప్పాలి. గుణకం 0.86.

నిమిషానికి ఒక బస్తా చొప్పున, 8 గంటల పని. గుణకం 0.75.

బస్తాకు పిడులు లేవు, పట్టు సరిగా దొరకదు. గుణకం 0.90.

అన్నిటినీ హెచ్చిస్తే 23 కాస్తా 4.8 కిలోలకు దిగుతుంది. 18ని దానితో భాగిస్తే సూచిక 3.75. "18 కిలోలే కదా" అనిపించే బస్తా, ఆ గదిలో, ఆ అమరికలో, ఎత్తదగిన బరువుకు దాదాపు నాలుగు రెట్లు.

ఇప్పుడు మనిషిని మార్చకుండా గదిని మారుద్దాం. ప్యాలెట్‌ను పైకి లేచే బల్లమీద ఉంచి, బస్తాలు 75 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేలా చేద్దాం. ప్యాలెట్‌ను తిప్పగలిగితే బస్తా 30 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. రెండో బల్లను ఎదురుగా జరిపితే ఒళ్ళు తిప్పే పని ఉండదు. వేగం, పట్టు పాతవే. సిఫారసు బరువు 12.9 కిలోలకు పెరుగుతుంది; సూచిక 1.4కు పడిపోతుంది. ఇక 40 పౌన్ల బస్తాలకు బదులు 20 పౌన్లవి తెప్పిస్తే, ఎత్తే సంఖ్య రెట్టింపై నిమిషానికి రెండు అయినా, సూచిక 0.8 దగ్గర ఆగుతుంది. సరుకు అంతే, పని గంటలు అవే.

వ్యతిరేక దిశలోనూ చూడాలి. మొదటి అమరికలోనే వేగాన్ని నిమిషానికి నాలుగుకు పెంచితే ఆ గుణకం 0.75 నుంచి 0.45కు పడుతుంది. సిఫారసు బరువు 3 కిలోల లోపుకు దిగి, సూచిక 6 దాటుతుంది. పెద్ద గిడ్డంగుల్లో ఈ వేగాన్ని నిర్ణయించేది ఇప్పుడు మేస్త్రీ కాదు, సాఫ్ట్‌వేర్. ఏ వస్తువు ఏ అరలో ఉండాలో, ఒక్కో వస్తువుకు ఎన్ని సెకన్లో తేల్చే ప్రోగ్రాములు రాసేవారిలో మనవాళ్ళూ ఉన్నారు. వారి తెరమీద ఒక చిన్న సంఖ్యగా కనిపించేది ఈ సూత్రంలో ఒక గుణకం. గిడ్డంగుల్లో పని లక్ష్యాలను శ్రామికులకు ముందుగా తెలపాలనీ, విరామాలకు అడ్డుపడే లక్ష్యాలు పెట్టరాదనీ కాలిఫోర్నియా చేసిన చట్టం 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.

సూత్రానికి హద్దులున్నాయి. రెండు చేతులతో, నిలబడి, స్థిరమైన వస్తువును ఎత్తే పనికే ఇది వర్తిస్తుంది. తోయడానికి, లాగడానికి, ఒంటిచేత్తో ఎత్తడానికి, జారే నేలమీది పనికి వర్తించదు. మనుషుల్ని ఎత్తడానికి అసలే వర్తించదు. రోగికి పిడులుండవు, రోగి కదలకుండా ఉండడు, మధ్యలో తూలవచ్చు. అయినా ఆసుపత్రుల కోసం ఒక హద్దు కావాలన్న ఉద్దేశంతో, సవరించిన సూత్రం రూపకర్తల్లో ఒకరైన థామస్ వాటర్స్ 2007లో ఒక ప్రతిపాదన చేశారు. రోగులను కదిపే పనిలో నర్సు మీద పడే బరువు అనుకూల పరిస్థితుల్లో కూడా 35 పౌన్లు, అంటే సుమారు 16 కిలోలు మించరాదనీ, మించితే యంత్రసాయం వాడాలనీ ఆయన సూచన. పెద్దవయసు రోగి ఒక కాలే దాదాపు అంత బరువుండవచ్చు.

ఒడుపు నేర్పితే చాలదా?

"నడుము వంచకు, మోకాళ్ళు వంచు" అన్న బొమ్మ ప్రతి పనిచోటా గోడమీద ఉంటుంది. ఆ సలహా తప్పు కాదు. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం మేలని మీట లెక్కే చెబుతోంది. కానీ ప్యాలెట్ అవతలి అంచున ఉన్న బస్తాను మోకాళ్ళు వంచి ఒంటికి దగ్గరగా తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. బరువులెత్తే పద్ధతులపై ఇచ్చే శిక్షణ నడుమునొప్పిని నివారిస్తుందా అని జరిగిన అధ్యయనాలను ఫిన్లాండ్ పరిశోధకులు సమీక్షించి, 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. శిక్షణ వల్ల ప్రయోజనం ఉందనడానికి ఆధారం దొరకలేదని వారు తేల్చారు.

నడుముకు కట్టే బెల్టుల సంగతీ అంతే. నయోష్ 160 దుకాణాల్లో 9,377 మందిని పరిశీలించి 2000లో వెలువరించిన ఫలితాల ప్రకారం, బెల్టు వాడిన చోటా వాడని చోటా నడుము గాయాల్లో తేడా కనబడలేదు. శిక్షణ, బెల్టు రెండూ చవక. రెండూ మార్పును శ్రామికుడి నుంచే కోరతాయి. వాటికి ఆదరణ దొరకడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

చట్టం పెట్టిన వరస

ఈ విషయంలో స్పష్టమైన క్రమాన్ని చట్టంలో రాసుకున్న దేశం బ్రిటన్. యూరపు సంఘం 1990లో ఇచ్చిన ఆదేశాన్ని అనుసరించి అక్కడ 1992లో చేసిన నిబంధనలు 1993 జనవరి 1న అమలులోకి వచ్చాయి. యజమాని ముందుగా, ప్రమాదకరమైన మోతపనిని వీలైనంతవరకు తప్పించాలి. తప్పించలేనిదాన్ని అంచనా కట్టాలి. ఆ అంచనా ప్రకారం ముప్పును తగ్గించాలి. అంచనా వేసేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి: పని తీరు, మోసేవారి శక్తి, బరువు స్వభావం, పరిసరాలు. వంగడం, తిరగడం, తరచుదనం మొదటిదానిలోకి వస్తాయి. గర్భిణులు, పాత గాయాలున్నవారు రెండోదానిలోకి. లోపల కదిలే సరుకు, పట్టు దొరకని మూట మూడోదానిలోకి. ఇరుకు, చీకటి, తడినేల, మెట్లు నాలుగోదానిలోకి.

ఆ నిబంధనలు ఇన్ని కిలోలని గరిష్ఠ పరిమితి పెట్టలేదు. మార్గదర్శకంగా మాత్రం నడుమెత్తున ఒంటికి దగ్గరగా ఎత్తేటప్పుడు పురుషులకు 25, స్త్రీలకు 16 కిలోలని సూచిస్తారు. తలెత్తున చేతులు చాచి ఎత్తేటప్పుడు అవే అంకెలు 5కూ 3కూ దిగుతాయి. అమెరికాలో ఇలాంటి ప్రత్యేక నిబంధనలను కార్మిక శాఖలోని ఓషా 2000 నవంబరులో ప్రకటించింది. 2001 మార్చిలో కాంగ్రెస్ వాటిని రద్దు చేసింది. నాటి నుంచి అక్కడ జాతీయస్థాయిలో యజమానుల సాధారణ బాధ్యతను తెలిపే నియమమే ఆధారం. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ చట్టాలు తాము చేసుకున్నాయి.

యాభై కిలోల బస్తా

మన ఊళ్ళలో హమాలీలు మోసే సిమెంటు బస్తా 50 కిలోలు, బియ్యం బస్తా 50 కిలోలు. ఆంధ్ర ప్రాంతంలో ధాన్యం బేరం నేటికీ 75 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసులో వయోజనుడైన పురుషుడు మోసే బరువు 55 కిలోలకు మించి ఉన్నచోట దాన్ని త్వరగా ఆ స్థాయికి తగ్గించాలని ఉంది. భారతదేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షనులోనూ, గాయం కలిగించేంత బరువును ఎవరిచేతా మోయించరాదన్న మాట ఉండేది.

భుజాన, వీపున మోసుకుంటూ నడిచే పనిని నయోష్ సూత్రం కొలవదు. కానీ అన్నీ అనుకూలించినా 23 దాటని సూత్రం ముందు 50 కిలోల బస్తాను పెట్టి చూస్తే, అక్కడ ఏ ఒడుపూ అక్కరకు రాదని తెలుస్తుంది. బ్రిటన్‌లో సిమెంటు ఇప్పుడు సాధారణంగా 25 కిలోల సంచుల్లో అమ్ముతారు. అక్కడి కూలీల ఎముకలు మనవారి ఎముకల కంటే బలహీనమైనవేం కావు. సంచి పరిమాణం ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం; దాన్ని మార్చుకోవచ్చు.

ఈ పత్రిక చదివేవారిలో దుకాణాలు, హోటళ్ళు నడిపేవారు ఉన్నారు. ఆసుపత్రుల్లో, గిడ్డంగి సంస్థల్లో నిర్ణయాలు తీసుకునేవారూ ఉన్నారు. వారు ఒక పని చేయవచ్చు. సరుకు దిగే రోజున ఒక గంటసేపు కొలత టేపు పట్టుకుని వెనకగదిలో నిలబడండి. చేతులు ఒంటికి ఎంత దూరంగా వెళుతున్నాయి, ఎంత కిందికి దిగుతున్నాయి, ఒళ్ళు ఎంత తిరుగుతోంది, నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతున్నారు అన్నవి రాసుకోండి. పక్కనే, ఎత్తేవారిని ఎక్కడ నొప్పిగా ఉంటోందో అడగండి. ఏ అర ఎత్తు సరిగా లేదో, ఏ బండి చక్రం తిరగదో వాళ్ళకు ఎప్పుడో తెలుసు. ఆరు గుణకాల్లో అన్నిటికంటే చిన్నది ఏదో దాని దగ్గర మార్పు మొదలుపెట్టండి. చాలాచోట్ల అది దూరమే అవుతుంది. ఆ మార్పుకు పట్టే ఖర్చు ఒక బల్లను జరపడమే కావచ్చు.