బోర్డు మీది ‘బడు’.. బడిలో ప్యాసివ్ వాయిస్!

హోసూరు: అంగడి ముందు ‘నాటుకోళ్లు అమ్మబడును’ అని తెలుగులో రాస్తారు. తమిళంలో రాస్తే ‘విర్కప్పడుం’. రెండింట్లోనూ ఉన్నది ఒకటే ‘పడు’. ఈ బోర్డులు చదువుతూ బడికెళ్లే పిల్లలే అక్కడ ప్యాసివ్ వాయిస్ అనగానే బెదిరిపోతారు. తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక ఇక్కడి తెలుగు పిల్లలకు మూడు భాషల బరువు. అయితే ఈ పాఠంలో ఆ రెండు భాషలూ తోడుంటాయి.

తేడా ఎక్కడ?
హోసూరు గులాబీలే తీసుకుందాం. ‘రైతులు గులాబీలు పండిస్తారు’ అన్నా, ‘గులాబీలు రైతులు పండిస్తారు’ అన్నా మనకు అర్థం చెడదు. క్రియ మార్చక్కర్లేదు. అందుకే మాటల్లో ‘పండించబడతాయి’ అని ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ‘ఫార్మర్స్ గ్రో రోజెస్’ను తిప్పి ‘రోజెస్ గ్రో ఫార్మర్స్’ అంటే గులాబీలే రైతులను పండిస్తున్నట్టు! గులాబీలను ముందు పెట్టాలంటే క్రియ మారాలి: ‘రోజెస్ ఆర్ గ్రోన్ బై ఫార్మర్స్’.

కాలం మారకూడదు
ప్రయోగం మారినా కాలం మారదు. ‘గ్రో’ ఉంటే ‘ఆర్ గ్రోన్’, ‘గ్రూ’ ఉంటే ‘వర్ గ్రోన్’, ‘విల్ గ్రో’ ఉంటే ‘విల్ బీ గ్రోన్’. చివరి మాట ఎప్పుడూ క్రియ మూడో రూపమే.

ఎక్కువమంది తప్పేది ‘యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్’ దగ్గర. క్రియను ‘దేన్ని?’, ‘ఎవరిని?’ అని అడిగి చూడాలి. ‘దేన్ని పండిస్తారు?’ అంటే జవాబుంది. ‘దేన్ని జరిగింది?’ అంటే లేదు. జవాబు లేని క్రియకు ప్యాసివ్ రాదు. ‘యాక్సిడెంట్ హాపెన్డ్’ అంటే చాలు. ‘పుట్టాను’ మాత్రం తిరకాసు. ‘ఐ బోర్న్’ కాదు, ‘ఐ వాజ్ బోర్న్’ అనాలి.

మార్కులకే కాదు
ప్యాసివ్‌లో చేసినవాడి పేరు వదిలేయొచ్చు. కోళ్ల బోర్డు మీద ఫర్వాలేదు, కొనేవాడికి కోడి ముఖ్యం. కానీ ఆఫీసు నుంచి ‘యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ రిజెక్టెడ్’ అని కాగితం వస్తే? తిరస్కరించింది ఎవరో ఆ వాక్యంలో లేదు. ‘బై’ తర్వాత రావాల్సిన పేరు లేదని గుర్తుపట్టిన పిల్లాడు, నాన్న అర్జీ ఎవరి బల్ల దగ్గర ఆగిందో అడగగలడు. గ్రామర్ పాఠం అక్కడ ఇంటికి పనికొస్తుంది.