ఒక వృక్షము - పలు శాస్త్రములు

ఏలూరునకు సమీపముననున్న పెదవేగియే శాలంకాయనుల నాటి వేంగియని చరిత్రకారుల అభిప్రాయము. ప్రాచీనావశేషములకై అచటికి పోవు మావంటివారు చూడక మరలునది అచటి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ. 1995లో జాతీయ కేంద్రముగా వెలసిన ఆ సంస్థలో వృక్షమొక్కటే. దానిని చూచు దృష్టులు పెక్కు.

ప్రజననశాస్త్రజ్ఞునకు టెంకయే ప్రధానము. మందపు టెంకగల డ్యూరాను టెంకలేని పిసిఫెరాతో సంకరపరచినచో పలుచని టెంకగల టెనెరా లభించును. గుజ్జు హెచ్చగుటచే నూనెయు హెచ్చును. మొక్క మేలైనది కానిచో కాపునకు వచ్చు మూడు నాలుగేండ్ల వరకు రైతు దానిని కనుగొనజాలడు. కీటకశాస్త్రజ్ఞుడు ఒక పురుగు వృద్ధినే కోరుట వింతగా తోచవచ్చును: 1985లో మన దేశమునకు తెచ్చిన ముక్కుపురుగు మగపూగుత్తులపై పెరిగి, పుప్పొడిని ఆడపూలకు చేర్చును. తెగుళ్ళ నిపుణులకు మొదలుకుళ్ళు సమస్య. ఇక శరీరధర్మశాస్త్రజ్ఞులు పరిశీలించునది నీటి వినియోగము. వేసవిలో చెట్టొక్కటికి దినమునకు 200 లీటర్లకు మించి నీరు కావలయును. మెట్టసీమలో ఆ నీరు బోరుబావులనుండియే రావలయును గనుక, ఈ కడపటి ప్రశ్నయే మాకు గురుతరముగా తోచుచున్నది.